బండికి దాహమేస్తే...

ఎండాకాలం, అడవి బాట, పదిహేనేళ్ల నాటి బండి. ఈ మూడూ కలిసినప్పుడు చూడాల్సింది పెట్రోలు ముల్లును కాదు, దాని పక్కనున్న వేడి ముల్లును!

చైత్రం వచ్చిందంటే చాలు, ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా ఒక వరస, ఇల్లెందు అడవుల్లోంచి మరో వరస... బళ్లన్నీ కొత్తగూడెం వైపే. అక్కణ్నుంచి పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కితే భద్రాద్రి. రాములోరి కల్యాణానికి లక్షల్లో జనం కదులుతారు. బస్సులో సీటు దొరకనివాళ్లు, ఇంటిల్లిపాదీ ఒకే బండిలో పోదామనుకునేవాళ్లు ఏడాదికోసారి షెడ్డులోంచి పాత బండి బయటికి తీస్తారు. తాతగారి హయాంలో కొన్న అంబాసిడరు, నాలుగు చేతులు మారి వచ్చిన కమాండర్ జీపు, సీట్లు చిరిగిన సుమో, అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకున్న మారుతీ 800. అంబాసిడర్, మారుతీ 800 రెండింటి తయారీ ఆగిపోయింది 2014లోనే. అంటే వాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు నిండిపోయాయి. ఎనిమిది మంది పట్టే జీపులో పన్నెండు మంది. పైన సామాను. వెనక వంటపాత్రలు. నెత్తిన నిప్పులు చెరిగే సూర్యుడు.

పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక ఎక్కడో ఒకచోట ముందు తియ్యటి వాసన వస్తుంది. తర్వాత బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఆవిరి. బండి ఆగుతుంది. పిల్లలు దిగి చెట్టు నీడకు పరుగెడతారు. వెనక వస్తున్న బండాయన తల బయటపెట్టి 'ఏమైందన్నా?' అంటాడు. డ్రైవరు బానెట్ ఎత్తి, ఓ చేత్తో నీళ్ల సీసా పట్టుకుని, రెండో చెయ్యి రేడియేటర్ మూత మీద వేస్తాడు.

అక్కడే ఆగాలి. ఆ చెయ్యి వెనక్కి తీయాలి.

మూత కాదది... తాళం!

రేడియేటర్ మూతను బిందె మూతలాంటిదే అనుకుంటాం. కాదు. దాని అడుగున ఒక స్ప్రింగు, రబ్బరు బిళ్ల ఉంటాయి. లోపలి నీటిని ఒత్తిడిలో బిగించి ఉంచడం వాటి పని. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె వేసి ఉంటుంది చూడండి... అంత ఒత్తిడి దాకా అది తెరుచుకోదు. మామూలుగా నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా మరగకుండా నీరుగానే ఉంటుంది. మన వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చేసేదీ ఇదే.

ఇప్పుడు ఆ మూత తీశామనుకోండి. ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. అప్పటిదాకా నీరుగా ఉన్నది క్షణంలో ఆవిరవుతుంది. లీటరు నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా విస్తరిస్తుంది. వంగి చూస్తున్నవాళ్ల ముఖం, ఛాతీ, చేతులే దానికి ఎదురు. బండి చెడితే బాగుచేయించుకోవచ్చు. కళ్లు పోతే?

ఒకవేళ కాలనే కాలిందా... వెంటనే చల్లటి మంచినీళ్లు ధారగా ఇరవై నిమిషాల పాటు పోయాలి. ఐసు ముక్కలు, పేస్టు, సిరా ఏవీ పూయకూడదు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సర్వీసు ఉండనే ఉంది. అయితే అడవిలో కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. అలాంటప్పుడు ఎదురొచ్చే బండిని ఆపి సిగ్నల్ దొరికే చోటికి మనిషిని పంపడమే దారి.

ముప్పావు గంట ఓపిక

ఇంజన్‌లో మండే ఇంధనం నుంచి పుట్టే వేడిలో దాదాపు మూడో వంతు ఈ నీళ్లే మోసుకెళ్లి గాలికి అప్పగిస్తాయి. చిన్న కారులో అవి నాలుగు లీటర్ల లోపే. జీపుల్లో ఎనిమిది, పది లీటర్లు. అంత కొద్ది నీరు రోజంతా తిరిగి తిరిగి చేసే చాకిరీ అది. ఇక్కడివాళ్లకు ఇంతకంటే మంచి పోలిక పాల్వంచలోనే ఉండేది. థర్మల్ కేంద్రం పాత యూనిట్ల కూలింగ్ టవర్లు దశాబ్దాల పాటు ఆ ఊరికి గుర్తుగా నిలిచాయి. 2024 ఆగస్టు 5న అలాంటి ఎనిమిది టవర్లను కూల్చేశారు. ఆ కేంద్రానికి నీళ్లిచ్చేది కిన్నెరసాని జలాశయం. అంత పెద్ద కేంద్రానికైనా ఇంత చిన్న ఇంజన్‌కైనా చిక్కు ఒక్కటే... పుట్టిన వేడిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి.

మరి దారిలో ఏం చేయాలి? ముల్లు సగం దాటి పైకి పోతుంటే ఇంకా సమయం ఉన్నట్టే. ఏసీ ఆపండి. వింతగా అనిపించినా హీటరును మాత్రం పూర్తిగా పెట్టండి. అది కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ వేడిని బండి లోపలికి లాగేస్తుంది. ఏప్రిల్ ఎండలో హీటరేంటని లోపలున్న పెద్దమ్మ తిడుతుంది. కిటికీలు దించి సర్దిచెప్పండి. వేగం తగ్గించి, నీడ ఉన్నచోట పక్కకు ఆపండి. లోపల నీళ్లున్నాయన్న నమ్మకం ఉంటే ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు ఆన్‌లోనే ఉంచితే ఫ్యాను తిరిగి వేడి దిగుతుంది. ఠక్కున ఆపేస్తే నీటి ప్రవాహం కూడా ఆగిపోయి కాసేపు వేడి ఇంకా పెరుగుతుంది.

ఆవిరి కక్కుతుంటే మాత్రం ఈ లెక్క వర్తించదు. నీళ్లు పోయాయనే అర్థం. వెంటనే తాళం తిప్పేయాలి. ఆవిరి తగ్గేదాకా బానెట్ కూడా ఎత్తొద్దు. తర్వాత ఎత్తి, కనీసం అరగంట నుంచి ముప్పావు గంట ఆగాలి. రేడియేటర్‌కు వెళ్లే పైన రబ్బరు గొట్టాన్ని మందపాటి గుడ్డతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే లోపల ఇంకా ఒత్తిడి ఉంది. మెత్తగా అణిగితే మూత మీద మడతలు పెట్టిన గుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పుకుని పావు వంతు తిప్పాలి. బుస్సుమని పోయేదంతా పోయాకే మళ్లీ నొక్కి పూర్తిగా తీయాలి.

నీళ్లు పోయడంలోనూ తొందర పనికిరాదు. సలసల కాగుతున్న ఇనుము మీద చన్నీళ్లు గుమ్మరిస్తే పగుళ్లివ్వొచ్చు. చల్లారాక కొద్దికొద్దిగా పోయాలి. మూత పెట్టకుండానే ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ ఆన్‌లో ఉంచి, బుడగలు రావడం ఆగేదాకా పోస్తుండాలి. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోకపోతే నిండుగా కనిపించిన రేడియేటర్ పది కిలోమీటర్లకే మళ్లీ ఖాళీ. తర్వాత మెల్లగా నడుపుతూ పది, పదిహేను కిలోమీటర్లకోసారి ఆగి చూసుకుంటే సారపాకలోనో, కొత్తగూడెంలోనో మెకానిక్ దగ్గరికి చేరవచ్చు.

ఏ నీళ్లు? తాగే నీళ్లయితే మేలు. అవి లేకపోతే వాగు నీళ్లయినా సరే, పంచె కొంగుతో వడకట్టి పోయొచ్చు. ఇంజన్‌ను పోగొట్టుకోవడం కంటే అదే నయం. అయితే మండువేసవిలో నీటి మడుగులకు మనకంటే ముందు జంతువులు చేరతాయి. ఇది ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఒంటరిగా డబ్బా పట్టుకుని లోపలికి నడవొద్దు. బయల్దేరేటప్పుడే అయిదు లీటర్ల క్యాను బండిలో వేసుకుంటే ఈ బాధే ఉండదు.

ముల్లు కూడా అబద్ధమాడుతుంది

ఇది చాలామందికి తెలియని సంగతి. వేడి ముల్లుకు కబురు పంపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉండాలి. నీరు బాగా తగ్గిపోతే అది గాలిలోనో ఆవిరిలోనో తేలుతుంది. నీరు సోకినంతగా గాలి సోకదు కాబట్టి ముల్లు మధ్యలోనే నింపాదిగా నిలబడొచ్చు. ఒక్కోసారి కిందికీ పడొచ్చు! అదేదో చల్లబడిందని యాక్సిలరేటర్ తొక్కితే అంతే. ముల్లు పైకెక్కి, ఉన్నట్టుండి కిందికి దిగిందంటే సంతోషించాల్సిన పని లేదు. ఆపి చూడాలి. హీటర్ పెడితే వేడి గాలి బదులు చల్లగాలి వస్తున్నా అదే గుర్తు... నీళ్లు అక్కడిదాకా చేరడం లేదన్నమాట.

అప్పటికీ ఆపకపోతే? అల్యూమినియంతో చేసిన సిలిండర్ హెడ్ వంగుతుంది. హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్యనున్న గ్యాస్కెట్ కాలిపోతుంది. ఇంకా తొక్కితే పిస్టన్లు పట్టేస్తాయి. పాత గొట్టానికి బిగించే ఇనుప క్లిప్పు ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది. హెడ్ విప్పి లేత్ పనికిస్తే వేలు. ఇంజన్ పట్టేస్తే పాత బండి విలువ కంటే బాగు ఖర్చే ఎక్కువవుతుంది. ఏజెన్సీ ఊళ్లలో ఇలాంటి ఒక్క జీపు మూలపడితే పోయేది యజమాని డబ్బొక్కటే కాదు. సంతకు, ఆస్పత్రికి, పరీక్షకు పోవాల్సిన ఊరంతా ఆ బండినే నమ్ముకుని ఉంటుంది.

అసలు దొంగ ఎవరు?

నీళ్లు తగ్గాయి. పోశాం. మళ్లీ తగ్గాయి. మళ్లీ పోశాం. పాత బళ్లున్న ఇళ్లలో ఇది రోజూ పొద్దున చెట్లకు నీళ్లు పోసినంత మామూలైపోతుంది. 'దానికా అలవాటుందండీ' అని ముద్దుగా చెప్పుకుంటారు కూడా. కానీ కూలెంట్ అనేది ఖర్చయ్యే సరుకు కాదు. పెట్రోలులా మండిపోదు. మూసి ఉన్న దారిలో తిరుగుతుంది, అంతే. ఎండకు కాస్త అటూ ఇటూ కావచ్చేమోగానీ వారానికి లీటరు తగ్గిందంటే అది ఎక్కడికో పోతోంది. ఎక్కడికో తెలుసుకోకుండా పోస్తూ పోవడం చిల్లికుండలో నీళ్లు నింపడమే.

పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరిచి పొద్దున్నే చూడండి. మరక ముందు వైపు ఉంటే రేడియేటరో, దాని గొట్టాలో. ఫ్యాన్ బెల్టు కింద ఉంటే మెకానిక్‌లు వాటర్ బాడీ అని పిలిచే పంపు మీద అనుమానపడాలి. దాని సీలు అరిగితే అడుగునున్న చిన్న రంధ్రంలోంచి చుక్కలు రాలతాయి. ఆ రంధ్రం ఉన్నదే మనకు ఆ కబురు చెప్పడానికి. దాన్ని ఎం-సీల్‌తో మూసే మహానుభావులూ ఉన్నారు! ముందు సీటు దగ్గర కార్పెట్ జిగటగా తడిసి ఉంటే హీటర్ కారుతోంది. ఏసీ బండి కింద కారే నీళ్లను చూసి మాత్రం కంగారుపడొద్దు. అది రంగూ జిగటా లేని ఉత్త నీరు.

ఏ మరకా లేదు, నీళ్లు మాత్రం పోతున్నాయి... భయపడాల్సింది అప్పుడే. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. లోపల పాలు కలిపిన టీ రంగులో నురగ కనిపిస్తే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నట్టు. పొద్దున స్టార్ట్ చేశాక చాలాసేపు సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తున్నా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలొస్తున్నా గ్యాస్కెట్ పోయినట్టే. అలాంటి బండితో అడవి దారి పట్టకూడదు.

చాలాసార్లు అసలు దొంగ అన్నిటికంటే చవకైనదే. మూత! దాని రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు. నీరు ముందే మరిగి పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్లోకి పొంగి బయటికి పోతుంది. రేడియేటర్ మార్చాలని ఎవరైనా అంటే ముందు మూత మార్చి చూడమనండి.

మరో సంగతి. నీళ్లు నిండుగానే ఉన్నా బండి వేడెక్కుతుంటే రేడియేటర్ ముఖం చూడండి. కొత్తగూడెం, మణుగూరు దారుల్లో బొగ్గు లారీల వెనక తిరిగిన బళ్లకు సందుల నిండా నల్లటి దుమ్ము. పత్తి సీజన్‌లో దానిమీద దూది. ఆపైన పురుగులు, ఎండుటాకులు. గాలి దూరే సందే ఉండదు. ఇంజన్ వైపు నుంచి బయటికి వచ్చేలా మెల్లటి ధారతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్‌ను దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగిపోతాయి. పాత జీపుల్లో ఫ్యాను చుట్టూ ఉండే డొప్ప ఎప్పుడో రిపేరులో విప్పి మళ్లీ బిగించి ఉండరు. అది లేకపోతే ఫ్యాను అక్కడి గాలినే అక్కడే తిప్పుతుంటుంది.

పసుపు వేస్తే ఆగుతుందా?

రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేయమని పాత డ్రైవర్లు చెబుతారు. ఆగుతుందా అంటే, సూదిమొనంత చిల్లయితే కాసేపు ఆగుతుంది. పసుపు పొడి చిల్లు దగ్గర చేరి అడ్డుపడుతుంది. బయట కారే చిల్లుకు సబ్బు ముక్క నూరి అద్దడం కూడా అలాంటిదే. అడవిలో చిక్కుకున్నప్పుడు వీటిని తప్పుపట్టలేం. చిక్కల్లా ఊరు చేరాక వాటిని మర్చిపోవడంలోనే. ఆ పసుపు చిల్లును ఒక్కదాన్నే వెతుక్కుంటూ వెళ్లదు. సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. బజార్లో దొరికే లీక్ స్టాప్ మందులు ఎక్కువగా పోసినా అంతే. ఇత్తడి, రాగి రేడియేటర్లకు టంకం వేసే పనివాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. అల్యూమినియం, ప్లాస్టిక్‌తో వచ్చినవాటికి ఆ వైద్యం పనిచేయదు.

థర్మోస్టాట్ వాల్వును పీకేయడం ఇంకో అలవాటు. 'మన ఎండలకు అదెందుకండీ' అంటారు. 80 డిగ్రీల పైచిలుకు దగ్గర తెరుచుకునే ఆ చిన్న వాల్వు ఇంజన్‌ను త్వరగా పనిచేసే వేడికి తెస్తుంది. తీసేస్తే తెల్లవారుజామున ఇంజన్ చాలాసేపు చల్లగానే తిరిగి అరుగుతుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే నీరు రేడియేటర్‌కు పోకుండా పక్కదారిలోనే తిరిగి మరింత వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించాలి.

మంచు పడని ఊళ్లో యాంటీఫ్రీజ్ ఎందుకు?

భద్రాచలంలో నీరు గడ్డకట్టిన రోజు లేదు. మేలో 45 డిగ్రీలు దాటినా ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. మరి డబ్బా మీద యాంటీఫ్రీజ్ అని రాసిన ఆ పచ్చటి ద్రవం మనకెందుకు? ఇథిలీన్ గ్లైకాల్ నీటిలో కలిస్తే గడ్డకట్టే స్థానం దిగినట్టే మరిగే స్థానం పైకి పోతుంది. సగం సగం కలిపితే మూత ఒత్తిడి లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు. అంతకంటే ముఖ్యం, అందులో తుప్పు పట్టనివ్వని రసాయనాలుంటాయి. పాత అంబాసిడర్లు ఉత్త నీళ్లతోనే తిరిగాయి కదా అంటారు. తిరిగాయి, నిజమే. వాటి రేడియేటర్లోంచి ఎర్రటి నీళ్లు రావడమూ చూశాం.

అలాగని డబ్బా డబ్బా నీరు కలపకుండా పోసేస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవద్దు. వేడిని మోయడంలో గ్లైకాల్ కంటే నీరే గట్టిది. కంపెనీ పుస్తకంలో 30 నుంచి 50 శాతం దాకా ఎంత చెబితే అంతే కలపాలి. కలిపే నీరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే పొర ఇంజన్ లోపలా కడుతుంది. వేడిని బయటికి పోనివ్వదు. దారిలో తప్పక ఆ నీళ్లే పోసినా, ఇంటికొచ్చాక మొత్తం దింపి, కడిగించి, కొత్త కూలెంట్ నింపించాలి. పచ్చరంగు పాతరకం రెండు మూడేళ్లకోసారి మార్చాలి. రంగు చూసి రకాన్ని నమ్మొద్దు. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జావలా చిక్కబడతాయి.

ఇప్పటిదాకా చెప్పుకున్నది చాలావరకు చదునైన దారి గురించి. దర్శనమయ్యాక కొందరు బండిని అట్నుంచి అటే రాజమండ్రి వైపు తిప్పుతారు. 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్ మొదలవుతుంది. ఘాట్‌లో ఇంజన్ పని ఎక్కువ, బండి వేగం తక్కువ, ఎదురుగాలి అసలే తక్కువ. చదును మీద బయటపడని లోపమంతా మూడో మలుపు దగ్గర బయటపడుతుంది. చింతూరులోనే ఆగి, ఇంజన్ చల్లారనిచ్చి నీళ్లు చూసుకోవాలి. ఎత్తులో గేరు తగ్గించి నింపాదిగా ఎక్కించాలి. ముల్లు కదిలితే వెనక బండివాడు హారన్ కొట్టినా సరే, పక్కకు జరిగి ఆగడమే.

తియ్యటి విషం

ఇంత మేలు చేసే కూలెంట్‌లో ఒక కీడు దాగుంది. అది తియ్యగా ఉంటుంది. కింద కారిన మడుగును కుక్కలు నాకుతాయి, పశువులు తాగుతాయి. లోపలికి వెళ్లాక కాలేయం దాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మనిషికైనా ఇదే జరుగుతుంది. పిల్లలకు కొద్ది మోతాదే ప్రాణం మీదికి తేవొచ్చు.

మిగిలిపోయిన కూలెంట్‌ను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి సీటు కింద పెట్టడం మనవాళ్లకు మామూలు. రంగూ అదే, సీసా అదే, రుచీ తీపే. దాహంతో ఉన్న పిల్లాడికి తేడా ఎలా తెలుస్తుంది? దాన్ని దాని డబ్బాలోనే, మూత బిగించి, పిల్లల చేతికందని చోట ఉంచాలి. దింపేసిన పాతదాన్ని వాగు పక్కనో చెరువు గట్టునో పారబోయకుండా క్యానులో పట్టి గ్యారేజీలో ఇవ్వాలి. ఎవరైనా తాగారని అనుమానం వస్తే మత్తు, వాంతులు మొదలయ్యేదాకా చూస్తూ కూర్చోవద్దు. మొదటి కొన్ని గంటలు మనిషి కాస్త తూలినట్టు తప్ప మామూలుగానే కనిపించవచ్చు. బలవంతంగా కక్కించకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దీనికి విరుగుడు మందు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మంచిది. వెళ్లేటప్పుడు ఆ డబ్బాను కూడా వెంట పట్టుకెళ్లండి. ఏం తాగారో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.